తిరుగు దారికి ఒక సంచి

“ఏం సారూ, ఇల్లు ఖాళీ చేసి వస్తున్నరా?”

నల్లమల అడవిలో, సలేశ్వరం దారి మొదట్లో ఒక చెంచు పెద్దాయన నన్ను అడిగిన ప్రశ్న ఇది. నా వీపు మీది సంచిని చూసి అడిగాడు. అడిగి ఊరుకోలేదు. వెనక్కి వచ్చి, సంచి అడుగున చెయ్యి పెట్టి ఒకసారి పైకెత్తి చూశాడు. “పోతందుకు ఏం గాదు సారూ. వచ్చేటప్పుడు తెలుస్తది” అని నవ్వి, తన దారిన తాను దిగిపోయాడు. ఆయన భుజాన చిన్న గుడ్డసంచి, చేతిలో ఒక కర్ర, అంతే.

నేనూ నవ్వాను. మధ్యాహ్నానికి ఆ నవ్వు లేదు.

కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు వీపుసంచుల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. నిజమే, నలభై యేళ్ళు వచ్చేదాకా నాకు ఆ గొడవ లేదు. కాని సెలవు దొరికితే చాలు, కొండా కోనా పట్టుకుని పోయే కుర్రవాళ్ళు ఇప్పుడు మా నల్లగొండ, పాలమూరు ఊళ్ళలో ఎక్కువయ్యారు. ఒకడు రాచకొండ అంటాడు, ఒకడు దేవరకొండ కోట అంటాడు, మరొకడు భువనగిరి గుట్ట అంటాడు. వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చి, “ఏ సంచి కొనమంటారు సార్?” అని అడుగుతారు. నా సలేశ్వరం ప్రయాణం సంగతి వాళ్ళ చెవిన పడింది గనకనే అడుగుతారు. ఒక్కొక్కరికీ చెప్పేకంటే అందరికీ ఒక్కసారే చెబితే బాగుంటుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

రెండు సంచులు, రెండూ తప్పే

మూడేళ్ళ కిందటి మాట. సలేశ్వరం ఎరగనివారి కోసం ముందు ఆ చోటు గురించి చెబుతాను. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే రోడ్డులో మన్ననూరు దాటితే అసలైన అడవి మొదలవుతుంది. ఒకప్పుడు అది మహబూబ్‌నగర్ జిల్లా. 2016లో జిల్లాలు విడిపోయాక నాగర్‌కర్నూల్ జిల్లా అయింది. ఫరహాబాద్ దగ్గర పెద్దరోడ్డు విడిచి అడవిలోకి తిరగాలి. బండ్లు ఆగిన చోటినుంచి కొన్ని కిలోమీటర్లు కాలినడక. రెండు కొండల నడుమ ఇరుకైన లోయ. దాని అడుగున, ఎత్తయిన బండమీద నుంచి దూకే జలపాతం, కింద గుండం, పక్కనే గుహలో లింగమయ్య. పూజారులు చెంచులే. ఏడాదిలో చైత్ర పౌర్ణమికి అటూ ఇటూ కొద్దిరోజులు మాత్రమే అక్కడికి జనాన్ని వెళ్ళనిస్తారు. మిగిలిన కాలమంతా ఆ దారి పులులది, ఎలుగుబంట్లది.

మామూలుగా కొండమీది దేవుడి దగ్గరికి ఎక్కి పోతాం, దిగి వస్తాం. సలేశ్వరం దానికి తలకిందులు. పోయేటప్పుడు దిగాలి, వచ్చేటప్పుడు ఎక్కాలి. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు దారి సులువు, సత్తువ తగ్గాక దారి కష్టం. పైగా చైత్రమాసపు ఎండ, 40 డిగ్రీల మాట!

నాకు తోడుగా మా మేనల్లుడు బయలుదేరాడు. డిగ్రీ రెండో సంవత్సరం. మా అక్కకు వాడొక్కడే. బావ పోయినప్పటి నుంచి అక్క కుట్టుమిషను మీద బట్టలు కుట్టి వాణ్ణి చదివిస్తున్నది. “తమ్మీ, నువ్వున్నవని తోలిస్తున్న. ఎట్ల తీసుకపోతున్నవో అట్ల తీసుకరావాలె” అని అప్పగించింది.

నా సంచి ముచ్చట వినండి. “పెద్దదైతే ఎప్పటికైనా పనికొస్తుంది” అని అరవై లీటర్ల సంచి కొన్నాను. దానికి ముందు నాలుగు, పక్కల రెండు, పైన ఒకటి జేబులు. నా పుస్తకాల బీరువాకు కూడా అన్ని అరలు లేవు. సంచిలో ఖాళీ కనిపిస్తే మనిషి ఊరుకోలేడు. పులిహోర డబ్బా, పెరుగన్నం డబ్బా, మామిడికాయ తొక్కు సీసా, రెండు దుప్పట్లు, రెండు జతల బట్టలు, కెమెరా అన్నీ అందులో చేరాయి. ఇవి చాలవన్నట్టు పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్ర కూడా పెట్టాను. అందులో పర్వత ప్రకరణం ఉంది. శివరాత్రికి శ్రీశైలం నడిచి పోయే యాత్రికుల వర్ణన అది. నల్లమలలో కూర్చుని చదువుకోవాలని నా సరదా. నీళ్ళసీసాలు మూడూ బరువుగా ఉన్నాయని అన్నిటికంటె ముందు, అడుగున పెట్టాను.

మా వాడి పద్ధతి వేరు. కాలేజీకి వేసుకుపోయే పుస్తకాల సంచినే తెచ్చాడు. రెండు పట్టీలున్నా ఒక్క భుజానికే వేసుకున్నాడు. అది ఇప్పటి కుర్రవాళ్ళ సొగసు! ఆ సంచిలో వాడి బట్టలు, సెల్‌ఫోను తీగలు, బిస్కట్లు ఉన్నాయి. నీళ్ళసీసా ఒకటి చేత్తో పట్టుకున్నాడు.

దిగడం హాయిగా దిగాం. దారి పొడుగునా జనం లింగమయ్యను పిలుస్తూ పోతున్నారు. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, చెప్పులు కూడా లేని పాలమూరు రైతులు కనిపించారు. వాళ్ళెవరి దగ్గరా చేటంత మూట కంటె పెద్దది లేదు. గుండంలో తలంటుకుని, దర్శనం చేసుకుని, పులిహోర తిన్నాం. పుస్తకం తెరవనేలేదు.

ఎక్కేటప్పుడు మొదలైంది కథ. సగం దారిలో మా వాడి సంచి పట్టీ కుట్టు దగ్గర పుటుక్కున తెగింది. దాన్ని చంకన పెట్టుకుని ఎక్కబోయాడు. ఒక చేతిలో సీసా, మరో చంకలో సంచి. రాయి పట్టుకోవడానికి చెయ్యి ఏదీ? రెండుసార్లు జారాడు. నేను దాన్ని తీసుకుని నా సంచి పైన కట్టుకున్నాను. ఆ బరువు నన్ను వెనక్కి లాగుతున్నది. ముందుకు వంగి, నేల చూస్తూ ఎక్కుతున్నాను. కాసేపటికి వెనక చప్పుడు లేదు. తిరిగి చూస్తే మా వాడు ఒక బండకు ఆనుకుని కూలబడి ఉన్నాడు. ముఖం ఎర్రగా కంది ఉంది. “మామా, కండ్లు తిరుగుతున్నై” అన్నాడు. అని, కక్కుకున్నాడు.

వాడి సీసా ఎప్పుడో అయిపోయింది. నీళ్ళు నా సంచి అడుగున ఉన్నాయి! దుప్పట్లు తీశాను, బట్టలు తీశాను, తొక్కు సీసా తీశాను, పుస్తకం తీశాను. నట్టడవిలో దారిమీద దుకాణం పరచినట్టయింది. తీరా చూస్తే ఒక సీసా మూత ఊడి దుప్పటి తాగేసింది. ఒకటి కింద తినేటప్పుడు ఖాళీ అయింది. మిగిలింది ఒకటి, అదీ వేడినీళ్ళలా ఉంది. చేతులు వణుకుతున్నాయి. అక్క మాట చెవిలో మోగుతున్నది.

అప్పుడు కింద నుంచి ఎక్కివస్తూ కనిపించాడు పొద్దుటి పెద్దాయన. ఏమీ అడగలేదు. వాణ్ణి చెట్టు నీడకు చేర్చి, చొక్కా బొత్తాలు విప్పి, తన గుడ్డసంచిలోంచి సీసా తీశాడు. దాని చుట్టూ తడిగుడ్డ చుట్టి ఉంది. ఆ గుడ్డ విప్పి వాడి మెడమీద వేశాడు. బెల్లం ముక్క, చిటికెడు ఉప్పు చేతిలో పెట్టి, గుక్కెడు గుక్కెడుగా నీళ్ళు పట్టించాడు. “గటగట తాగకు బిడ్డా, మల్ల కక్కుతవ్” అన్నాడు. అరగంటకు వాడు కళ్ళు నిలిపాడు. వడదెబ్బ తొలిమెట్టు మీదే ఆగింది. ఇద్దరు కుర్రవాళ్ళు నా సంచిని చెరో వైపు పట్టుకుని పైకి చేర్చారు. నా జన్మలో అంత సిగ్గుపడ్డ రోజు మరొకటి లేదు.

ప్రవరుడు చేసిన పొరపాటు

ఇంటికి వచ్చాక రెండు రోజులకు క్లాసులో మనుచరిత్ర పాఠం వచ్చింది. చెబుతూ చెబుతూ ఆగిపోయాను. సిద్ధుడిచ్చిన పసరు కాళ్ళకు పూసుకుని ప్రవరుడు హిమాలయానికి పోయాడు. పోవడానికి ఏ ఇబ్బందీ లేదు. మంచునీటికి ఆ పసరు కరిగిపోయింది, ఇల్లు చేరే దారి మూసుకుపోయింది. తిరుగు దారికని కాస్త పసరు వెంట తెచ్చుకోలేదు ఆ మహానుభావుడు! ఇన్నేళ్ళూ ఈ ఘట్టంలో వరూధినిని చూశానే కాని, ప్రవరుడి ఖాళీ చేతులను చూడలేదు. నేను అరవై లీటర్ల సంచి మోసి కూడా అదే పొరపాటు చేశాను. పోవడానికి కావలసినవన్నీ పెట్టుకున్నాను. రావడానికి కావలసింది అడుగున పడేశాను.

మన సాహిత్యంలో వేటగాడు మాత్రం ఈ సంగతి ఎరుగును. ధూర్జటి చెప్పిన తిన్నని కథ గుర్తు తెచ్చుకోండి. ఎరుకల తిన్నడు శివుడికి పుక్కిట నీళ్ళు పట్టి తెచ్చాడు. భక్తి సంగతి అలా ఉంచితే, అడవిలో తిరిగేవాడి చేతులు ఎప్పుడూ ఖాళీ ఉండవన్న నిజం అందులో ఉంది. విల్లు పట్టాలి, కొమ్మ పట్టాలి, రాయి పట్టాలి. కనుక అడవికి పోయే సంచి మొదటి లక్షణం రెండు చేతులనూ వదిలిపెట్టడం. చేతిసంచులు, ఒంటిభుజం సంచులు ఊళ్ళో బజారుకు సరే, కొండకు పనికిరావు.

నిజానికి మన ఊళ్ళో బరువు మోసేవాళ్ళను చూస్తే ఈ శాస్త్రమంతా తెలుస్తుంది. నెత్తిమీద చుట్టబట్ట పెట్టి, దానిమీద బిందె పెట్టుకున్న ఆడమనిషి నిటారుగా నడుస్తుంది. బరువు సరిగ్గా వెన్నుపూసల మీదికి దిగుతుంది గనక నడుము వంగదు. కావడి మోసేవాడు బరువును రెండు పాళ్ళు చేసి ముందూ వెనకా సరితూస్తాడు. మా పాలమూరు గొల్ల కురుమలు గొర్లమంద వెంట నెలల తరబడి ఊరు విడిచి పోతారు. వాళ్ళ సామానులో ముఖ్యమైనది గొంగడి. అదే పరుపు, అదే దుప్పటి, వాన వస్తే నెత్తిన కొప్పెర, బరువెత్తితే భుజానికి మెత్త. ఒక్క వస్తువు నాలుగు పనులు చేస్తే మిగతా మూడు వస్తువులు మోయనక్కర లేదు. నేను తీసుకుపోయిన రెండు దుప్పట్లు ఒక్క పనీ చేయలేదు.

వేటగాడి వీపునుంచి పుట్టిన చట్రం

వీపుసంచి కొత్త వస్తువు కాదు. 1991లో ఆల్ప్స్ కొండల మంచులో ఒక మనిషి శవం దొరికింది. అయిదు వేల ఏళ్ళ కిందటివాడు. వాడి వస్తువులలో విల్లు, అమ్ములపొది, గొడ్డలితో పాటు వంచిన కర్ర, రెండు పలకలు ఉన్నాయి. అవి వీపుమూట చట్రం ముక్కలని పండితులు అంటున్నారు.

ఈ కాలపు చట్రం కథ కూడా వేట నుంచే మొదలవుతుంది. నార్వే దేశస్థుడు ఓలే బెర్గన్ వేటకు పోయి తిరిగి వస్తూ, బరువైన సంచి వీపును ఒరుసుకుపోతుంటే విసిగి, ఒక చెట్టుకొమ్మను తన వీపు వంపుకు తగ్గట్టు వంచి సంచికి కట్టాడట. 1909లో ఆ ఏర్పాటుకు పేటెంటు వచ్చింది. ఆయన కూడా తిరిగి వచ్చేటప్పుడే మేలుకున్నాడు!

తరువాతి మెట్టు అమెరికాలో. కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ అనే ఆయన ఒకసారి చట్రపు సంచి మోస్తూ, దాని కింది కొసలను ప్యాంటు వెనక జేబుల్లోకి దోపాడు. భుజాల బరువు ఒక్కసారిగా తేలికయింది, ఆ బరువు తుంటికి దిగింది. ఆ అనుభవంతోనే అల్యూమినియం చట్రానికి నడుము పట్టీ బిగించి 1952లో సంచులు అమ్మడం మొదలుపెట్టాడు. కుట్టుపని ఆయన భార్యది. ఇప్పుడు బజారులో దొరికే మంచి సంచులన్నిటికీ ఉన్న నడికట్టు ఆ వంశానిదే.

భుజం సన్నని ఎముకలతో, పల్చని కండలతో కట్టిన చోటు. తుంటి ఎముక నిండు దేహాన్ని మోసే దూలం. దూలం ఉండగా కిటికీ చువ్వకు బరువు వేలాడదీయడం ఏమి తెలివి? పూటకు మించి నడిచే ప్రయాణమైతే నడికట్టు లేని సంచి కొనకండి.

అక్క చేసిన శవపరీక్ష

మా వాడు వారం రోజుల్లో కోలుకున్నాడు. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. తెగిన సంచిని ముందేసుకుని కూర్చుంది. పట్టీ ఊడిన చోటును వేలితో చీల్చి చూపించింది. “చూడు తమ్మీ, అంత బరువు వేలాడే కాడ ఒంటికుట్టు వేసిండు. బట్ట మంచిదే, దారమే దగా” అన్నది.

ఆ మాట రాసుకోండి. సంచి కొనేటప్పుడు రంగు చూడకండి, జేబులు లెక్కపెట్టకండి. పట్టీ సంచికి కలిసే చోటు తిరగేసి చూడండి. అక్కడ నాలుగు పక్కలా పెట్టెలా కుట్టి, మధ్యలో మూలనుంచి మూలకు అడ్డకుట్లు వేసి ఉండాలి. లేదా దట్టంగా, ఒకే చోట పదేపదే కుట్టి ఉండాలి. లోపలి అంచులు పీచు లేకుండా పట్టీ వేసి మూసి ఉండాలి. జిప్పు పెద్ద పళ్ళది కావాలి. సంచి నిండుగా ఉన్నప్పుడు దాన్ని పదిసార్లు తెరిచి మూసి చూడాలి.

ఇక కొలత. పొడుగువాడికి పెద్ద సంచి, పొట్టివాడికి చిన్న సంచి అని చాలామంది అనుకుంటారు. చూడవలసింది ఎత్తు కాదు, వీపు పొడుగు. తల వంచితే మెడ కింద ఒక ఎముక బొడిపెలా తగులుతుంది. అక్కడినుంచి, తుంటి ఎముకల మీద రెండు చేతులూ ఆనిస్తే బొటనవేళ్ళు వెన్నుమీద కలిసే గీత దాకా ఎంత ఉందో టేపు పెట్టి కొలిపించుకోండి. సంచి వీపుభాగం ఆ కొలతకు సరిపోవాలి. ఆరడుగుల మనిషికి కూడా పొట్టి వీపు ఉండవచ్చు. ఆడవాళ్ళకు సాధారణంగా వీపు పొట్టిగా ఉంటుంది గనక, వాళ్ళ కొలతకు కుట్టినవి చూసుకోవడం మేలు.

ఎంత పెద్దది కొనాలి? పొద్దున పోయి సాయంత్రం వచ్చేవారికి ఇరవై నుంచి ఇరవై అయిదు లీటర్లది చాలు. ఒక రాత్రి గడపాలంటే ముప్పై, నలభై మధ్య. అంతకుమించి కొన్నారా, నాలాగే తొక్కు సీసాలు మోస్తారు. బరువుకు ఒక మోటు లెక్క ఉంది. ఒక్కపూట నడకకు మీ ఒంటి బరువులో పదో వంతు, రాత్రి ప్రయాణానికి అయిదో వంతు దాటకూడదు. అరవై కిలోల మనిషికి ఒక్కపూటకు ఆరు కిలోలన్నమాట. మా వేసవిలో మనిషికి మూడు లీటర్ల నీళ్ళయినా ఉండాలి. మూడు లీటర్లంటే మూడు కిలోలు. అంటే ఆరింటిలో సగం నీళ్ళకే పోయింది. సంచి బరువే ఒక కిలో. మిగిలిన రెండు కిలోలలోనే మీ సంసారం!

దుకాణానికి పోయేటప్పుడు ఇంటినుంచి అయిదు కిలోల బియ్యం మూట తీసుకుపొండి. నవ్వేవాళ్ళు నవ్వనీయండి. ఖాళీ సంచి ఎవరి వీపుకైనా కులాసాగానే ఉంటుంది. బియ్యం వేసి, పట్టీలన్నీ వదులు చేసి, ముందు నడికట్టును తుంటి ఎముక మీద బిగించండి. తరువాత భుజం పట్టీలు, చివర రొమ్ము పట్టీ. వరస తప్పితే బరువు మళ్ళీ భుజాలకే ఎక్కుతుంది. అలాగే ఒక పావుగంట మెట్లు ఎక్కి దిగండి. ఒరిపిడి ఎక్కడున్నా అప్పుడే తెలుస్తుంది.

నా అరవై లీటర్ల సంచిని ఒక మిత్రుడికి ఇచ్చేశాను. ముప్పై లీటర్లవి రెండు కొన్నాం. మా వాడిదానికి నడికట్టు పల్చటి పట్టీ మాత్రమే. అక్క పాత గొంగడి ముక్క మడిచి, పైన గట్టి బట్ట వేసి, అరచేతి వెడల్పున కొత్త నడికట్టు కుట్టింది. మూడు వరసల కుట్టు!

సర్దడంలో ఉన్నది సగం

మంచి సంచిని కూడా చెడ్డగా సర్దవచ్చు. తేలికైనవి, రాత్రికి గాని అక్కరలేనివి అడుగున పెట్టాలి. బరువైనవి నడుమ, వీపుకు ఆనుకుని ఉండాలి. బరువు వీపుకు ఎంత దూరమైతే అంత వెనక్కి లాగుతుంది. తరచు కావలసినవి పైన. నీళ్ళు మాత్రం ఆగకుండా చేతికి అందే పక్కజేబుల్లోనే ఉండాలి. గొట్టంతో తాగే నీటితిత్తులు ఇప్పుడు దొరుకుతున్నాయి, అవీ మంచివే. కాని ఎంత తాగారో, ఎంత మిగిలిందో సీసాలో కనిపించినట్టు వాటిలో కనిపించదు. సీసాకు తడిగుడ్డ చుట్టే పద్ధతి పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. కుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే అది.

తిండికి మా పాలమూరు సరుకే చాలు. వేయించిన పల్లీలు, బెల్లం, జొన్నరొట్టె. పాడు కావు, కారవు. ఇవి కాక ఉప్పు, చక్కెర కలిపిన ఓఆర్ఎస్ పొట్లాలు రెండు, తువ్వాల, టార్చి, గాయాలకు కట్టు, ఒక ఈల. తప్పిపోతే గొంతు కంటె ఈల దూరం వినిపిస్తుంది. సంచి లోపల ఒక పెద్ద ప్లాస్టిక్ కవరు పరిచి సర్దుకుంటే వానకు భయం లేదు. తిన్న తరువాతి చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక ఖాళీ జేబు వదలండి. ఎండిన అడవిలో పొయ్యి వెలిగించడం, సిగరెట్టు కాల్చడం కలలో కూడా తలపెట్టకండి.

వేట మాట ఎత్తాను గనక ఒక మాట. ఫరహాబాద్ ప్రాంతానికి నిజాం కాలంలో తుపాకులతో పోయేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. వేట ఇప్పుడు నేరం. నల్లమలలో తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రెండు వేల ఆరువందల చదరపు కిలోమీటర్లకు పైగా, నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాలలో పరచుకుని ఉంది. అనుమతి లేకుండా అందులో అడుగు పెట్టరాదు. తుపాకీ బదులు కెమెరా పట్టుకుపోయే మనకు వేటగాడి సంచి ధర్మాలు మాత్రం పనికివస్తాయి. మెరిసే రంగు వద్దు, గలగలలాడే కొక్కేలు వద్దు, వెతుక్కోకుండా చెయ్యి పెట్టగానే వస్తువు దొరకాలి.

భువనగిరిలో పరీక్ష

కొత్త సంచులతో నేరుగా అడవికి పోలేదు. ముందు భువనగిరి గుట్టకు పోయాం. అయిదు వందల అడుగుల పైచిలుకు ఎత్తున ఒకే రాయి. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరుమీద వెలిసిన కోట దాని తలమీద ఉంది. ఇప్పుడు అక్కడ రాతిగుట్టలెక్కడం నేర్పే బడి ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం ప్రాంతపు ఆనంద్‌కుమార్ మొదట అభ్యాసం చేసింది ఈ రాతిమీదనే. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడేనాటికి పూర్ణకు పద్నాలుగేళ్ళు నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. ఎవరెస్టుకైనా, ఎర్రగుట్టకైనా అభ్యాసం ఇంటి దగ్గరే మొదలు కావాలి మరి.

బియ్యం మూటలు వేసుకుని కోట మెట్లు మూడు ఆదివారాలు ఎక్కి దిగాం. మొదటి ఆదివారం నా ఎడమ భుజం కమిలింది. పట్టీ సర్దితే రెండోసారి కమలలేదు. మూడోసారి బియ్యం తీసి నీళ్ళసీసాలు పెట్టుకున్నాం. ఆ పూట పైకి చేరిన తరువాత మా వాడు, “మామా, సంచి ఉన్నట్టే లేదు” అన్నాడు. ఇంతకంటె సంచికి కితాబు లేదు.

కిందటి ఏడు చైత్ర పౌర్ణమికి మళ్ళీ సలేశ్వరం పోతామని చెప్పేసరికి అక్క కాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి, రెండు సంచుల పట్టీలూ పట్టుకుని గట్టిగా గుంజి చూసి, “పోయిరాండ్రి” అన్నది.

దారి మొదట్లో నా కళ్ళు పెద్దాయన కోసమే వెతికాయి. కనిపించాడు. మమ్మల్ని గుర్తు పట్టాడో లేదో గాని, నా సంచి అడుగున చెయ్యి పెట్టి మళ్ళీ ఒకసారి ఎత్తి చూశాడు. ఈసారి ఏమీ అనలేదు. “పాండ్రి, ఎండ ముదురుతది” అని ముందు నడిచాడు. మధ్యాహ్నం కాకముందే పైకి ఎక్కి వచ్చాం. మా ఇద్దరి దగ్గరా కలిపి ఇంకా లీటరు నీళ్ళున్నాయి. దారిలో ఒక ముసలమ్మ నీడన కూర్చుని ఆయాసపడుతుంటే, మా వాడు వెనక్కి దిగి, సీసా విప్పి, “మెల్లగ తాగు అవ్వా” అని ఇచ్చి వచ్చాడు.

సంధ్యవేళకు ఇల్లు చేరాం. గడపలో నిలబడి ఉంది అక్క. ముందు వాడి ముఖం చూసింది. తరువాత నడికట్టు తిరగేసి కుట్లు చూసింది. ఒక్క పోగు కూడా లేవలేదు.